డప్పు కాచిన రాతలు

గుర్వయ్య కొడుకు బారాత్‌లో డీజే బండి వద్దని పెండ్లిపిల్లగాడే పట్టుబట్టాడు. ఎర్రకుంట ఆడవాళ్ల డప్పు కావాలన్నాడు. అందులోనూ ముందు డప్పు పుష్పదే అయి ఉండాలన్నాడు. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే ఆ పేరు అంతగా పాకింది. కొంగు నడుముకు బిగించి, కాళ్లకు గజ్జెలు కట్టి, కుడిచేతిలో లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల పట్టుకుని పుష్ప ముందు నడిస్తే, మోకాళ్ల నొప్పులతో మంచం దిగని ముసలివాళ్ల కాళ్లు కూడా మంచం మీదే తాళం వేసేవి.

ఆ రోజూ అట్లాగే మొదలైంది. బారాత్ కిరాణా కొట్టు దాటింది, పాలకేంద్రం దాటింది, పెండ్లివారి వాడ మలుపు తిరిగింది. పెండ్లిపిల్లగాడు జీపు దిగి తనే దుమ్ములో ఎగురుతున్నాడు. సరిగ్గా అప్పుడు పుష్ప చేయి దారి తప్పింది. ఉరుకుతున్న దరువు ఉన్నట్టుండి నెమ్మదించింది. బరువుగా ఒక దెబ్బ, ఒక ఊపిరంత ఖాళీ, మళ్లీ బరువుగా రెండు దెబ్బలు.

అది చావు దరువు. పాడె ముందు నడుస్తూ కొట్టేది.

డప్పుకు ఒక కట్టుబాటు ఉంది. వెనక డప్పులు ఆలోచించకూడదు. ముందు డప్పు ఎటు పోతే వెనకవన్నీ అటే పోవాలి, ఎందుకని అడగకూడదు. అడిగితే దరువు విరిగిపోతుంది. ఆ కట్టుబాటు ప్రకారం వెనకున్న సాలమ్మ, యాదమ్మ, మిగతా ఆడవాళ్లు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మరీ చావు దరువులోకి దిగిపోయారు. పెండ్లిపిల్లగాణ్ని ఊరంతా కలిసి కాటికి సాగనంపుతున్నట్టయింది. ఒకాయన అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. అరుగు మీద కూర్చున్న పెండ్లిపిల్లగాని నాయినమ్మ సుక్కమ్మకు చూపు ఆనదు, చెవులే ఆమెకు కళ్లు. ఆమె గుండెలు బాదుకుంటూ లేచింది.

"ఎవ్వలు పోయిండ్రే? నా మనుమని పెండ్లి పూట ఎవ్వలు పోయిండ్రే?"

తాను ఏం కొడుతోందో పుష్పకు అప్పుడు వినబడింది. ఉన్నట్టుండి ఆపితే ఇంకా అపశకునమని ఆపలేకపోయింది, అట్లాగే కొట్టనూ లేకపోయింది. వెనక నుంచి మామ బక్కయ్య పరుగెత్తుకొచ్చి ఆమె దగ్గర డప్పూ చిర్రా లాక్కుని, సరిగా లేవని భుజంతోనే పెండ్లి దరువు అందుకున్నాడు. పెండ్లిపిల్లగాడు కడుపు పట్టుకుని నవ్వాడు. గుర్వయ్య నవ్వలేదు.

ఇదే మొదటిసారయితే ఊరు నవ్వుకుని మరిచిపోయేది. బోనాలప్పుడు కూడా చేయి అటు జారబోయింది. సాధన చేసేటప్పుడు ఎన్నోసార్లు జారింది. మర్నాడు గ్రేస్ అందరినీ చర్చి వెనక ఖాళీ జాగాకు పిలిచింది. వాళ్లు రోజూ సాయంత్రం డప్పు కొట్టేది అక్కడే. గ్రేస్ బక్కయ్య పెద్దబిడ్డ, పుష్పకు వదిన, ఊళ్లో ఆశా వర్కర్. బృందం ఎక్కడికి పోవాలన్నా, ఎవరితో మాట్లాడాలన్నా ఆమే. కల్లాకపటం లేని మనిషి, అందుకే మాట కొంచెం గరుకు. మే నెలాఖరున నల్గొండలో పోటీ ఉందని, గెలిచిన బృందం జూన్ రెండున రాష్ట్ర పండుగకు గ్రౌండులో అందరి ముందు వాయిస్తుందని ఆమె గుర్తుచేసింది. తమ మండలం నుంచి ఆడవాళ్ల డప్పు ఇంతవరకు అంతదూరం పోలేదు. అక్కడ ఆఫీసర్ల ముందు అందరూ కలిసి చావు దరువు కొడితే మళ్లీ ఎవరూ గడప తొక్కనివ్వరు. కాబట్టి ముందు డప్పు సాలమ్మకు ఇస్తే మంచిదంది.

పుష్ప తల వంచుకుని గజ్జెల తాడు సవరించుకుంది. ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. కొత్తకోట దిక్కు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె విజేందర్ పెండ్లాం, బక్కయ్య కోడలు, మిరప చేన్లలో కూలీ ఆడమనిషి. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. బక్కయ్య భుజం పడిపోయాక, డప్పు నాకొద్దని విజేందర్ సిమెంటు ఫ్యాక్టరీలో చేరాక, గోడకు వేలాడుతున్న డప్పును దుమ్ము దులుపుదామని ఒకనాడు ఆమె దించింది. ఊరికే ఒక దెబ్బ వేసింది. లోపల పడుకున్న మామ లేచి వచ్చి, ఇంకో దెబ్బ వేయమన్నాడు. అట్లా మొదలై, వాడలోని ఆడవాళ్లందరూ వచ్చి చేరారు. ఇప్పుడు నాలుగూళ్లు పుష్ప అంటాయి. ముందు డప్పు పోతే ఆ పేరు కూడా పోతుంది.

ఆమె తరఫున బక్కయ్యే నోరు విప్పాడు.

"సావు దరువే మొదాలు నేర్పిన, మెల్లగుంటదని. మనసు పక్కకు పోతే చెయ్యి తల్లిగారింటికి పోతది. చేతిది తప్పు లేదు. మనసు యాడికి పోతాందో సూడుండ్రి."

"బీపీ సూసే మిషన్ ఉన్నది నా దగ్గర. మనసు సూసే మిషన్ లేదు బాపు," అంది గ్రేస్. తర్వాత, నల్గొండలో అడుగు పెట్టేదాకా చూస్తానని, ఏ మాటైనా అక్కడే చెబుతానని మెత్తబడింది.

మనసు చూసే ఉపాయం గ్రేస్ ఇంట్లోనే ఉంది. ఆమె కూతురు మెర్సీ నల్గొండలో డిగ్రీ చదువుతూ ఎండాకాలం సెలవులకు వచ్చింది. పరీక్షల ముందు పిల్లలు బెదిరిపోతుంటే కాలేజీలో మేడమ్ ఒకామె చెప్పిందట, పొద్దున లేవగానే పెన్ను ఎత్తకుండా తలలో ఏముంటే అది కాగితం మీద పెట్టేయమని. మొదట పిల్లలందరూ నవ్వారట. తర్వాత మెర్సీకి అది పండ్లు తోముకునే పనిలాగా అలవాటైపోయింది. ఒకరోజు మానితే తల చిక్కుపడ్డ జుట్టులా ఉంటుందని చెప్పింది.

"నేను ఆఖరికి రాసింది టెన్త్ పరీక్ష. గది గూడ తప్పిన," అని పుష్ప నవ్వింది.

"గిందుల తప్పుడు లేదు అత్తమ్మా. మార్కులు లేవు, దిద్దుడు లేదు."

"మరి ఎవ్వలు సదువుతరు?"

"ఎవ్వలు సదువరు. నువ్వు గూడ సదువద్దు."

ఎవరూ చదవనిదాన్ని ఎందుకు రాయాలో పుష్పకు అంతుపట్టలేదు. వాకిలి ఊడ్చిన చెత్తను ఎవరైనా మళ్లీ ఇంట్లోకి తెచ్చుకుని చూసుకుంటారా అని మెర్సీ అడిగింది. అప్పుడు అంతుపట్టింది.

మర్నాడు పొద్దున వాకిలి చల్లి, టీ పొయ్యి మీద పెట్టి, గడపలో కూర్చుంది. మెర్సీ ఇచ్చిన పాత రికార్డు కాగితాలు ఒక పక్క ఖాళీగా ఉన్నాయి. పెన్ను పట్టుకుంటే చేతికి సిగ్గేసింది. అయినా మొదలుపెట్టింది.

ఏం రాయాలె. మెర్సీ రాయమన్నది రాస్తున్న. చిర్ర కంటె పెన్ను బరువున్నది. గ్యాస్ అయిపోవచ్చింది. మబ్బు పట్టింది మిరపకాయల మీద పరదా కప్పాలె. చిన్నోడు హాస్టల్ల మంచిగ తింటుండో లేదో. వదిన మొఖం గట్ల ఎందుకు పెట్టింది. సుక్కమ్మ ముసలమ్మ నన్ను ఇంకా తిడుతాంది కావచ్చు. మామకు మందు గోలీలు తేవాలె. ఏం రాయాలె. టీ పొంగింది.

టీ నిజంగానే పొంగింది. దాన్ని దించి, వెంటనే పోయి మిరపకాయల మీద పరదా కప్పి వచ్చింది. వచ్చి నిలబడ్డాక ఒక సంగతి గమనించింది. రేషన్ దుకాణం ముందు ఒకరి మీద ఒకరు పడి తోసుకునే జనంలా ఉండే ఆలోచనలు ఒక్కొక్కటే వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. పరదా పని అయిపోయింది కాబట్టి అది వరుస వదిలి వెళ్లిపోయింది. గోలీల పని సాయంత్రానిది, అది పక్కన కూర్చుంది. వదిన మొఖం గురించి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఇంత సులువా అనుకుని పుష్ప ఒక్కతే వాకిట్లో నిలబడి నవ్వింది. ఏదో పండుగ సరుకు ఇంటికి తెచ్చుకున్నంత సంబరమైంది.

ఇంకో రెండు పొద్దులు గడిచాక, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన విజేందర్ గడపలో రాసుకుంటున్న పెండ్లాన్ని చూసి బండి దిగకుండానే ఆగిపోయాడు.

"నా మీద కేసు రాస్తున్నవా ఏంది?"

"నీ మీద రాస్తే గీ ఒక్క కాగితం సాలదు," అంది పుష్ప తలెత్తకుండా.

అయినా భయం భయమే. రాసిన కాగితం ఇంట్లో ఉంటే ఎవరో ఒకరి కంటబడుతుంది. సాయంత్రం డప్పు కాచుకునే మంట ఆమెకు దారి చూపింది. డప్పు తోలు మెత్తబడితే పలకదు. కొట్టే ముందు గడ్డి మంట వేసి, దాని చుట్టూ నిలబడి తోలును వేడి చేయాలి, వేలితో మీటితే ఖంగుమనేదాకా. ఆ మంటలోకి పుష్ప పొద్దుటి కాగితాన్ని మడిచి విసిరేది. కాగితం ఒక్క క్షణం భగ్గుమనేది. గ్యాస్ సిలిండరు, హాస్టలు పిల్లవాడు, సుక్కమ్మ తిట్లు అన్నీ కలిసి డప్పును కాచేవి. అది చూస్తే ఆమెకు ఒళ్లంతా హుషారు పుట్టుకొచ్చేది.

ఈ తతంగం సాలమ్మ కంట పడింది. సాలమ్మ బక్కయ్య తమ్ముని భార్య, పుష్పకు చిన్నత్త. డప్పులో దిట్ట, అనుమానంలో ఇంకా దిట్ట. రోజూ ఏదో రాసి మంటలో వేస్తోందంటే ముందు డప్పు తనకు రాకుండా కోడలు ఏదో మంత్రం కడుతోందని తేల్చుకుంది. ఆ మంటలో తన డప్పు కాచుకోనంది. దూరంగా పోయి, గడ్డి దొరక్క తాటాకులు పోగేసి వేరే మంట పెట్టుకుంది. తాటాకు మంట పొగరుబోతుది. ఒక్కసారి పైకి లేచి సాలమ్మ డప్పు తోలును నాకింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తోలు అంచు నుంచి నడిమి దాకా చీలిపోయింది.

పొగచూరిన మొఖంతో సాలమ్మ నేరుగా పుష్ప ముందుకొచ్చి నిలబడి, మంత్రం ఎవరి దగ్గర నేర్చుకున్నావని నిలదీసింది. పుష్ప అప్పటిదాకా మంటలో వేయని కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది. సాలమ్మకు చదవడం రాదు. మెర్సీ తీసుకుని పైపైన చదివింది. అందులో పప్పు మాడిన సంగతి, బస్సు టైము, కొత్త చెప్పు కరిచిన సంగతి తప్ప ఏమీ లేవు. సాలమ్మ మొదట నమ్మలేదు, తర్వాత నవ్వింది, ఆ తర్వాత ఆశపడింది. తన తలలో కూడా చెత్త బాగానే ఉందని, తాను చెబుతుంటే పుష్ప రాయాలని అడిగింది. వినేవాళ్లుంటే మనసు ముసుగేసుకుంటుందని, అది కుదరదని మెర్సీ చెప్పింది. సాలమ్మ కాసేపు ఆలోచించి, మంట దగ్గరికి పోయి వంగి, పెదవులు కదిలిస్తూ నిప్పుకే తన గోడంతా చెప్పుకుంది. చాలాసేపు చెప్పుకుంది. యాదమ్మ వెనక నుంచి, జర జల్దీ కానియ్యి, మా డప్పులు కూడా కాగాలని అరిచింది. ఆ రోజు నుంచి అది సాలమ్మ అలవాటైపోయింది. ఆమెకు ఇంకో డప్పు బక్కయ్య ఇచ్చాడు.

పుష్ప చేతిలో మార్పు అందరికీ వినబడసాగింది. ఇదివరకు డప్పు ఎత్తుకుంటే దరువుతో పాటు ఇల్లూ చేనూ అన్నీ మోసుకుని నడిచేది. ఇప్పుడు దరువు ఒక్కటే. వెనక ఎవరి దెబ్బ ముందు పడుతోందో, ఎవరి పుల్ల నీరసంగా ఉందో విడివిడిగా వినబడేది. ఒక సాయంత్రం అడుగు మార్చుతూ మార్చుతూ ఎవరూ నేర్పని ఒక మలుపు కొట్టింది. వెనక డప్పులన్నీ గుడ్డిగా నమ్మి ఆమె వెంట దూకాయి. దూకాక అందరూ ఒకరినొకరు చూసుకుని పిచ్చిపట్టినట్టు నవ్వుకున్నారు. గ్రేస్ ఆ మలుపు మళ్లీ కొట్టించుకుని ఫోన్లో తీసుకుంది.

ఇక ఫికర్ లేదనుకున్నారు. పోటీకి వారం ఉందనగా, భుజం చూపించుకోవడానికి ఇన్నాళ్లూ సాయంత్రాలు దవాఖానకు తిరిగిన బక్కయ్య చాలా రోజుల తర్వాత సాధన చూడటానికి కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పుష్ప ముందు నిలబడింది. పెండ్లి దరువు లేచింది, ఉరికింది. ఉరుకుతూ ఉరుకుతూ పోయి బొక్కబోర్లా చావు దరువులో పడింది.

గ్రేస్ ఆ రాత్రే సాలమ్మను ముందు డప్పుకు తయారుగా ఉండమంది. ముందు నిలబడాలంటే తనకు కాళ్లు వణుకుతాయని సాలమ్మ గొణిగింది. పుష్ప పొద్దున మళ్లీ గడపలో కూర్చుని రెండు కాగితాలు నింపింది. ఎంత రాసినా ఊడ్చిన వాకిట్లో ఎక్కడో ఒక ముల్లు ఉండిపోయినట్టే ఉంది. కాలికి గుచ్చుకుంటోంది, కంటికి కనబడటం లేదు.

పోటీ రోజు పొద్దున బస్సులో డప్పులను చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని నల్గొండలో దిగారు. పోటీ పెద్ద హాలులో. తలుపు తీయగానే ఏసీ గాలి మొఖాన కొట్టింది. ఎండలో నడిచొచ్చిన ఆడవాళ్లకు ప్రాణం లేచొచ్చింది గానీ బక్కయ్య గడపలోనే ఆగిపోయాడు. లోపల ఒక బృందం వాయిస్తోంది. బలంగానే కొడుతున్నారు, కానీ డప్పులు తడిసిన అట్టపెట్టెల్లా పలుకుతున్నాయి. చల్లగాలికి తోలు మెత్తబడిపోయింది. మంట వేసుకోవడానికి జాగా అడిగితే వాచ్‌మన్ చేతులు జోడించి, తన ఉద్యోగం పోతుందన్నాడు.

గ్రేస్ నెత్తి పట్టుకుంది. బక్కయ్య మాత్రం నవ్వుతూ ఆకాశం చూపించాడు. మే నెల నల్గొండలో మంట ఎందుకు? డప్పులన్నీ బయట సిమెంటు మెట్ల మీద సూర్యుని వైపు తిప్పి పరిచారు. పిలుపు వచ్చేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పుష్ప ఉంటానంది. గోడ నీడలో వేలెడంత జాగాలో కూర్చుని, మెర్సీ దగ్గర పెన్ను తీసుకుంది. కాగితం లేదు. తమ వంతు నంబరు వేసిచ్చిన చీటీ వెనక రాయసాగింది.

ఎండ బాగున్నది తోలు ఎక్కుతాంది. మంచినీళ్లు తాగాలె. చిన్నత్త కాళ్లు నిజంగనే వణుకుతున్నయి. లోపల మస్తు చలి. మామ వేపచెట్టు కింద కూసున్నడు. మామ ఎందుకొచ్చిండు ఇంత ఎండల. మామ చూస్తుంటె నేను ముందు నిలవడొద్దు అనిపిస్తది. ముందు నిలవడితే మామ జాగల నిలవడ్డట్టు. మామ జాగ నాకు కావాలె. మామ జాగ కావాలె అంటె మామ పోవాలె అన్నట్టు.

పెన్ను ఆగిపోయింది. చదవొద్దని మెర్సీ చెప్పింది గానీ చదవకుండానే ఆ చివరి మాట పైకి లేచి నిలబడింది. ముల్లు దొరికింది. పెండ్లివారి వాడ మలుపు తిరిగినప్పుడు మామ జీపు పక్కన అడుగులు వేస్తూ తననే చూస్తున్నాడు. బోనాలప్పుడు గుడి మెట్ల మీద ఉన్నాడు. మొన్న కుర్చీలో ఉన్నాడు. మామ కళ్ల ముందు తాను ముందు నిలబడిన ప్రతిసారీ చేయి ఆయన్ను పాడె ఎక్కిస్తోంది. పుష్పకు ఏడుపు రావాలి, రాలేదు. గుండె మాత్రం డప్పులా కొట్టుకుంది. ఎంతకాలంగానో కుంటుతున్న కాలికి ముల్లు ఎక్కడుందో తెలిసిపోయిన సంబరం అది.

చీటీని మడిచి మంట కోసం చూసింది. ఇక్కడ మంట లేదు. దాన్ని ఏం చేయాలో తోచక లేచి, నేరుగా వేపచెట్టు కిందికి పోయి బక్కయ్య ముందు నిలబడింది.

"మామా, ఒక మాట. నేను ముందు నిలవడితే నువ్వు పోయినట్టు అనిపిస్తది నాకు. అందుకే చెయ్యి గటు పోతాంది."

బక్కయ్య నోట్లో తమలపాకు ఉంది. నమలడం ఆపాడు. మెట్ల మీద ఎండకు బిగుసుకుంటున్న డప్పుల వంక చాలాసేపు చూశాడు. ఆయన భుజం మొదట కదిలింది, నవ్వు తర్వాత వచ్చింది.

"నేను పోయిన్నాడు నువ్వే ముందు నిలవడి కొట్టాలె. గంత మంచిగ ఇంకెవ్వలు కొడతరు బిడ్డా? గాని ఇయ్యాల నాకు సచ్చే పురుసత్ లేదు. నీ డప్పు సూడాలె."

ఆ మాటకు పుష్ప కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని కొంగుతో తుడుచుకోలేదు, ఎండకే వదిలేసింది. దూరం నుంచి చూస్తున్న గ్రేస్ దగ్గరికొచ్చి, తండ్రి మొఖం చూసింది, పుష్ప మొఖం చూసింది. ఏమైందని అడగలేదు.

"పో, ముందుకు పో," అంది. సాలమ్మ గట్టిగా ఊపిరి వదిలి, బతికిపోయానంటూ వెనక వరుసలోకి దూరింది.

నంబరు పిలిచారు. వేడెక్కిన డప్పుల్లో కొన్నింటిని బక్కయ్య తెచ్చిన గొంగడిలో, మిగతా వాటిని చీర కొంగుల్లో చుట్టి, వేడి పోకుండా గుండెకు అదుముకుని పరుగెత్తారు. స్టేజీ ఎక్కగానే చలి చుట్టుకుంది. పుష్ప వేలితో తోలును మీటింది. ఖంగుమంది. ఆ ఖంగు ఎంతోసేపు ఉండదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. వాళ్లు సాధన చేసిన వరుసలో నెమ్మది దరువు ముందు, పెండ్లి దరువు నడుమ, కొత్త మలుపు చివర. ఆ వరుసలో పోతే చివరికొచ్చేసరికి తోలు చచ్చిపోతుంది. తల ఖాళీగా, తేటగా ఉంది కాబట్టి ఆ లెక్క రెప్పపాటులో తేలింది. ఎవరికీ చెప్పే సమయం లేదు. చెప్పే పని కూడా లేదు.

పుష్ప ఎగిరి మొదటి దెబ్బే కొత్త మలుపుతో వేసింది.

వెనక డప్పులు ఎందుకని అడగలేదు. ఒక్క పిడుగులా అన్నీ ఆమె వెంట దూకాయి. కుర్చీల్లో సెల్‌ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలలెత్తారు. గజ్జెలు, చిర్రలు, పుల్లలు కలిసి హాలు పైకప్పును పట్టి ఊపినట్టయింది. మలుపు మీద మలుపు వేస్తూ పెండ్లి దరువులోకి వచ్చేసరికి కుర్చీల ముందు వరుసలో బక్కయ్య కనబడ్డాడు. నడుము ముందుకు వంచి, ఆమెనే చూస్తున్నాడు. చావు దరువు వచ్చింది. వాకిట్లోంచి పోతున్న తెలిసిన మనిషిలా వచ్చి, లోపలికి తొంగి చూసింది. పుష్పకు దాని అడుగు వినబడింది. భయపడలేదు, తరమలేదు. పోతున్నావా, మంచిది, అని మనసులోనే పలకరించింది. చేయి పెండ్లి దరువులోనే ఉంది. అది అట్లాగే నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమెను పట్టేవాళ్లు లేరు. తలుపు దగ్గర వాచ్‌మన్ ఊగుతున్నాడు. జడ్జిల్లో ఒకామె బల్ల మీద పెన్నుతో కొడుతోంది. సాలమ్మ వణకడం మరిచిపోయి కేక పెట్టింది. అంతలో పుష్ప చెవికి తోలు మెత్తబడుతున్న సంగతి అందరికంటే ముందు తెలిసింది. ఇంకో నాలుగు దెబ్బలయితే అట్టపెట్టె. చిర్ర పైకెత్తి గాలిలో తిప్పి, ఒక్క దెబ్బతో ఆపేసింది. అన్నీ ఆగిపోయాయి. హాలు కూడా ఆగిపోయినట్టయింది.

ఇంకా సమయం ఉందిగదా, ఎందుకు ఆపేశారని జడ్జి ఒకాయన మైకులో అడిగాడు. ఆయన చూపు బక్కయ్య మీద ఉంది. పెద్దాయనా, మీ బృందమేనా, కొనసాగించమనండి అన్నాడు.

"నన్నడుగకుండ్రి సారు. ముందు డప్పు ఆమెది," అన్నాడు బక్కయ్య.

పుష్ప జడ్జి వైపు తిరిగింది. "తోలు సల్లవడ్డది సార్. బయటికి రండ్రి, ఎండల కొడతం."

జడ్జి పక్కవాళ్ల వంక చూశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన జవాబు చెప్పేలోగానే వెనక వరుసల జనం లేచారు. పుష్ప స్టేజీ దిగి నడిచింది, వెనక ఆడవాళ్లు నడిచారు, వాళ్ల వెనక హాలంతా కదిలింది. బయట సిమెంటు మెట్ల మీద కాళ్లు కాలుతున్నాయి. డప్పులను సూర్యునికి చూపించి, మీటి, మళ్లీ మీటి, ఖంగుమనగానే పుష్ప దరువు ఎత్తుకుంది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. బల్ల మీద పెన్నుతో కొట్టిన జడ్జమ్మ చెప్పులు విడిచి ఎగరబోయి, కాలు కాలి మళ్లీ చెప్పులు తొడుక్కుని ఎగిరింది.

ఎంతసేపు కొట్టారో వాళ్లకే తెలియదు. ఎప్పుడో హాలు తలుపులో ఒకాయన మైకు పట్టుకుని నిలబడి గెలిచిన బృందం పేరు చదివాడట. ఒకసారి చదివి, వినబడక ఇంకోసారి చదివాడట. గ్రేస్ రెండు చేతులూ ఊపుతూ జనంలోంచి తోసుకొస్తోంది, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. పుష్ప ఆమెను చూసింది, ఆ నోరు చూసి సంగతి గ్రహించింది. దరువు మాత్రం ఆపలేదు. ఇంకో మలుపు వేసింది. వెనక డప్పులన్నీ అటే తిరిగాయి.